దొడ్డిలో చంపేదాన్ని వేట అనకండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని టెక్సాస్‌లో కంచె వేసిన ర్యాంచ్‌లకు, అంటే పశువులు పెంచే పెద్ద పొలాలకు వెళ్లి, డబ్బు కట్టి జింకను కొట్టి వచ్చే తెలుగువాళ్లు ఈమధ్య కనబడుతున్నారు. పడి ఉన్న కృష్ణజింక కొమ్ములు రెండు చేతులతో ఎత్తిపట్టి దిగిన ఫొటో గుంటూరుకో కరీంనగర్‌కో చేరగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి మాట, 'అది నేరం కాదా నాయనా?' అని. అక్కడ నేరం కాదు. 'నేరం కానప్పుడు తప్పేముంది?' అన్నది రెండో ప్రశ్న. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మచ్చల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. ఈ రెండూ 1932 నుంచి టెక్సాస్ నేల మీద మేస్తున్నాయి. మన మనుబోతు (నీల్‌గాయ్) కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే దక్షిణ టెక్సాస్‌లోని కింగ్ ర్యాంచ్‌కు చేరింది. అక్కడి చట్టం వీటిని 'ఎగ్జాటిక్' అంటుంది, అంటే బయటి నేల నుంచి వచ్చినవి. ఆ ఊరిదే అయిన తెల్లతోక జింకకు వేట సీజన్ ఉంది, మనిషికి ఇన్నే కొట్టాలన్న లెక్క ఉంది, ఎందుకంటే ఎవరి పొలంలో మేసినా అది ప్రజల సొత్తు. ఎగ్జాటిక్‌కు సీజనూ లేదు, లెక్కా లేదు. అది భూమి యజమానిది, అతని గొర్రె ఎలాగో ఇదీ అలాగే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు పట్టా భూమిలోకి వచ్చినా పట్టాదారుది అయిపోదు. కృష్ణజింక ఆ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. కాబట్టి 'టెక్సాస్‌లో చట్టం ఒప్పుకుంది' అన్న మాటకు అర్థం ఇంతే: ఒకాయన తన పశువును అమ్మాడు, ఇంకొకాయన కొన్నాడు. ఆ చావులో వేట ఉందో లేదో చట్టం పట్టించుకోలేదు.

మన భాషలో వేట అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. అడవిలో జంతువు వెంటపడడం ఒకటి. అమ్మవారి గుడి ముందు కట్టేసి నరికే మేకపోతు రెండోది. 'జాతరలో వేట తెగింది' అంటాం. రెండోదానిలో పోతు తప్పించుకుంటుందని ఎవరూ అనుకోరు, నరికినవాడు శూరుడని కూడా ఎవరూ అనరు. అక్కడ జరిగేది ఏమిటో అందరికీ తెలుసు. కంచెలోపలి వేటతో చిక్కు ఇక్కడే. జరిగేది చాలాచోట్ల ఆ రెండో వేట. అమ్మేది మాత్రం మొదటిదాని పేరుతో.

కంచె ఉన్నంత మాత్రాన తప్పు అని మేము అనడం లేదు. టెక్సాస్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా భూమి ప్రైవేటు వాళ్లదే. 'హై ఫెన్స్' అంటే ఎనిమిది అడుగుల ఎత్తు వల కంచె, మచ్చల జింక కూడా దాన్ని దూకలేదు. మామూలు పశువుల కంచెను 'లో ఫెన్స్' అంటారు, అది నాలుగడుగుల చిల్లర. మచ్చల జింక దాన్ని అవలీలగా దాటుతుంది. కృష్ణజింక దూకడం అరుదు, కింద సందు దొరికితే దూరుతుంది. అసలు అడగాల్సింది కంచెలోపల ఎంత నేల ఉంది, ఎలాంటి నేల ఉంది అని.

లెక్క వేసి చూడండి. 40 ఎకరాల చదరపు నేల అంటే ఒక్కో పక్క సుమారు 400 మీటర్లు. నడుమ మంచె వేసి కూర్చుంటే నాలుగు మూలల్లో ఏ మూలైనా 285 మీటర్ల లోపే. దుర్భిణి బిగించిన మామూలు జింకల తుపాకీకి అది అందే దూరం. అంటే ఆ నేలలో గురికి దొరకని చోటంటూ లేదు. 200 ఎకరాలైతే పక్క 900 మీటర్లు. కృష్ణజింక గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఆ వేగంతో 40 సెకన్లలో ఈ కంచె నుంచి ఆ కంచెకు చేరిపోతుంది. దాని ఒంట్లో ఉన్న ఒకే ఒక్క ఆయుధం పరుగు, ఆ పరుగుకు చోటు 40 సెకన్లు. అదే 5,000 ఎకరాలైతే పక్క నాలుగున్నర కిలోమీటర్లు. మధ్యలో వాగులు, గుట్టలు, సీడర్ పొదలు, ఓక్ చెట్లు ఉంటే రెండు రోజులు తిరిగినా మందలోని ఆ ఒక్క పోతు మళ్లీ కంటపడకపోవచ్చు. అక్కడ కంచె ఉన్నా వేట వేటే అనాలి. ఎకరాలొక్కటే చూసినా సరిపోదు. పొదలు దట్టంగా ఉన్న 300 ఎకరాలు మచ్చల జింకను దాచుకుంటాయి. గడ్డి బయలులో బతికే కృష్ణజింకను వెయ్యి ఎకరాల మైదానం కూడా దాచదు.

తర్వాతది మేత డబ్బా. మూడు కాళ్ల మీద నిలబెట్టిన పీపా, అడుగున చిన్న మోటారు, బ్యాటరీ, టైమరు. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొన్ని సెకన్లు తిరిగి మొక్కజొన్న గింజలను గుండ్రంగా చిమ్ముతుంది. కొన్ని వారాలు గడిస్తే చాలు, జింకలకు ఆ మోటారు చప్పుడే పిలుపు. 'గిర్రు'మనగానే పొదల్లోంచి తలలెత్తి, నిమిషాల్లో డబ్బా కిందికి వచ్చేస్తాయి. మంచె దానికి వంద గజాల లోపు ఉంటుంది, తుపాకీ ఆనించుకోవడానికి దిండు కూడా వేసి ఉంచుతారు. గింజలు వేయడం టెక్సాస్‌లో చట్టబద్ధమే, లో ఫెన్స్ పొలాల్లోనూ చేస్తారు. బయట తిరిగే జింకకు డబ్బా దగ్గరికి రావడం మానుకునే వీలుంది. చిన్న దొడ్డిలో, గడ్డి మొత్తం మేసేసిన ఎండాకాలంలో, ఆ గింజలు తప్ప తిండి లేదు. ఆకలితో రప్పించి కొట్టడం అది. నేల అలా అరిగిపోయిందా అని తెలుసుకోవడానికి పొదలు చూస్తే చాలు: జింక నోరందినంత ఎత్తు వరకు ఒక్క ఆకు లేకుండా గీత గీసినట్టు ఉంటుంది. కంచె వెంబడి గిట్టలతో అరిగిన సన్నటి దారి, వల కళ్లకు చిక్కుకున్న వెంట్రుకలు కనబడితే, జంతువు బయటికి దారి వెతుకుతూ రోజుల తరబడి అక్కడే తిరిగిందని అర్థం.

కృష్ణజింక విషయంలో ఇంకొక సంగతి ఉంది. పెద్ద పోతు తన హద్దు ఏర్పరచుకుని పేడకుప్పలతో గుర్తు పెట్టుకుంటుంది. తరిమినా చుట్టూ తిరిగి మళ్లీ అదే చోటికి వస్తుంది. ఈ సహజ గుణం తెలిసిన గైడ్ జీపును అక్కడే ఆపి, 'ఓ పది నిమిషాలు ఆగండి, వస్తుంది' అంటాడు. వస్తుంది కూడా. ఇల్లు విడవని జంతువు మీద అంత నమ్మకంగా హామీ ఇవ్వడం మాకు నేర్పుగా తోచదు.

అన్నిటికంటే నీచమైనది, తెచ్చి వదిలి చంపించడం. వేలంలో కొన్న పోతును ట్రక్కులో తెచ్చి, కస్టమర్ రావడానికి నాలుగు రోజుల ముందు దొడ్డిలో వదులుతారు. వలవేసి పట్టడం, మోయడం, కొత్తచోట దించడం జింక జాతికి పెద్ద దెబ్బ. భయంతో పెనుగులాడిన కండరాలు లోలోపల చెడిపోయి, పైకి బాగానే ఉన్న జంతువు కొన్ని రోజుల తర్వాత కూలిపోవడం పశువైద్యులకు బాగా తెలిసిన జబ్బు. బెదిరి పరుగెత్తి వలకు గుద్దుకుని మెడ విరిగి చచ్చేవీ ఉంటాయి. మత్తు సూది వేసి పట్టిన జంతువైతే, మందు ఒంట్లోంచి పోయే గడువు తీరకముందే కొడితే ఆ మాంసం తినకూడదు. ఇలాంటి జంతువును గుర్తుపట్టవచ్చు. చెవిలో ట్యాగు తీసేసిన కన్నం ఉంటుంది. దొడ్డిలో నిలబడి నిలబడి గిట్టలు పొడుగ్గా సాగి ఉంటాయి. జీపు చప్పుడు వింటే పారిపోదు, మేత వచ్చిందేమోనని తలెత్తి చూస్తుంది. ఆ చూపు చూశాక కూడా గురిపెట్టమని గైడ్ అంటే, తుపాకీ దించి వెనక్కి వచ్చేయడమే మర్యాద. కట్టిన అడ్వాన్సు పోతే పోయింది.

సీజన్ లేకపోవడం వల్ల వచ్చే నష్టం చాలామందికి తట్టదు. తెల్లతోక జింకకు ఒక కాలంలోనే కలయిక, ఒక కాలంలోనే కాన్పులు. వేట సీజన్ దాన్ని బట్టి పెట్టారు. మన మచ్చల జింక, కృష్ణజింక అలా కాదు, ఏడాది పొడవునా ఈనుతాయి. టెక్సాస్‌లో మచ్చల జింక కాన్పులు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎక్కువ, అయినా ఏ నెలలోనైనా ఏదో ఒక తల్లి పాలిస్తూనే ఉంటుంది. పుట్టిన పిల్లను మొదటి రోజుల్లో గడ్డిలో దాచి తల్లి ఒక్కతే మేతకు వస్తుంది. ఒంటరి పెంటి అనుకుని మాంసం కోసం కొడితే, ఎక్కడో గడ్డిలో పిల్ల కదలకుండా తల్లి కోసం పడుకుని ఉంటుంది. పెంటిని కొట్టాల్సి వస్తే, తుపాకీ ఎత్తకముందే దాని వెనుక కాళ్ల మధ్య దుర్భిణితో చూడాలి. పొదుగు నిండి కనబడితే కొట్టకూడదు. కనబడకపోతే కనీసం అరగంట ఆగి, పిల్ల వెంట వస్తుందేమో చూడాలి. గంటల లెక్కన డబ్బు తీసుకునే చోట ఈ అరగంట ఎవరూ ఇవ్వరు.

ఇక చావు సంగతి. కృష్ణజింక పోతు బరువు 40 కిలోల అటూ ఇటూ. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు కూడా లేదు. ముందుకాలు జబ్బ వెనకాల, ఛాతీలో కింది నుంచి మూడో వంతు ఎత్తులో తూటా తగిలితే కొన్ని సెకన్లలో పడిపోతుంది. జానెడు వెనక్కి పోతే పొట్టలో తగులుతుంది, గంటల తరబడి నరకం. మనుబోతు ఇంకో రకం. 200 కిలోలు దాటే ఒళ్లు, మందపాటి తోలు, గుండె కిందికి, ముందుకు ఉంటుంది. జింకను కొట్టినట్టు జబ్బ వెనక కొడితే గాయంతో మైళ్లు పోతుంది. తోలు మూసుకుపోయి రక్తపు జాడ కూడా సరిగా ఉండదు. దానికి పెద్ద తుపాకీ, జబ్బ మీదే దెబ్బ కావాలి. ఎప్పుడూ తుపాకీ పట్టనివాడిని అరపూట బల్ల మీద నాలుగు గుళ్లు కాల్పించి దాని ముందు నిలబెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పొట్టలో తగిలితే వెంటనే వెంటపడకూడదు, కొన్ని గంటలు ఆగితే అది దగ్గర్లోనే పడుకుంటుంది. తరిమితే లేచి పోతూనే ఉంటుంది. కానీ టెక్సాస్ ఎండలో ఆగేకొద్దీ మాంసం చెడుతుంది, ఇంకో కస్టమర్ లైన్లో ఉంటాడు, కాబట్టి జీపుతో తరుముతారు. చాలా ర్యాంచ్‌లలో 'రక్తం కనబడితే పూర్తి రేటు' అన్న నిబంధన ఉంటుంది. గురి మీద జాగ్రత్త పెంచుతుంది కాబట్టి అది మంచిదే. కానీ డబ్బు కట్టేశాక గాయపడ్డదాన్ని వెతకడం గైడ్‌కు దండగ పనిగా మారకూడదు. చీకటి పడినా వెతుకుతారా, జాడ పట్టే కుక్క ఉందా అని ముందే అడిగి రాయించుకోవాలి.

అంతరించిపోయే జంతువులను ఈ ర్యాంచ్‌లే కాపాడాయన్నది కంచె వేటను సమర్థించేవాళ్ల మాట. అందులో నిజం ఉన్నచోట ఒప్పుకోవాలి. మన దగ్గర ఎడాపెడా కాల్చి, గడ్డి బీళ్లు దున్నేసి కృష్ణజింకను తగ్గించుకున్న కాలంలో టెక్సాస్‌లో అది పెరిగింది. పాకిస్తాన్‌లో పూర్తిగా పోయాక 1970లో టెక్సాస్ నుంచే తెచ్చి అక్కడి లాల్ సుహాన్రా జాతీయ పార్కులో పెంచారు. సహారా అంచుల్లో తిరిగే సిమిటార్ కొమ్ముల ఆరిక్స్ అనే పెద్ద జింకను 2000లో అడవిలో అంతరించిందని ప్రకటించారు. ఆ రోజుల్లో టెక్సాస్ ర్యాంచ్‌లలో దాని మందలు బతికే ఉన్నాయి. అబుదాబి ప్రభుత్వ సంస్థ, సహారా కన్జర్వేషన్ ఫండ్ కలిసి 2016లో చాడ్ దేశంలో మళ్లీ దాన్ని వదలడం మొదలుపెట్టాయి. పెంచినవాళ్ల కష్టాన్ని తక్కువ చేయం. అయితే మన దేశంలో కృష్ణజింక ఒక్క తూటా అమ్మకుండానే కోలుకుంది. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో 1988 నుంచి అభయారణ్యం ఉంది. చుట్టుపక్కల రైతులు జింకలు పంట మేస్తున్నాయని మొరపెట్టుకునేంతగా పెరిగాయి. ఆ రైతు బాధ నిజమైనది, దానికి పరిహారం, కంచెలు కావాలి. 'టెక్సాస్ పద్ధతి తెస్తే పోలా' అనేవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ ఆ పద్ధతి నడిచేది జంతువు యజమాని సొత్తు కాబట్టి. ఇక్కడ ఊరి జింకను ఎవరి సొత్తు చేస్తారు?

టెక్సాస్‌లో చంపక తప్పని చంపడం కూడా ఉంది. ప్రభుత్వ వన్యప్రాణి పరిశోధన క్షేత్రమైన కెర్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలో 1970లలో 96 ఎకరాల కంచెలో తెల్లతోక జింకలను, బయటి జింకలను కలిపి వదిలి చూశారు. ఆకు, మెత్తటి మొక్కలు అయిపోయాక బయటివి గడ్డి మేసి బతికాయి, తెల్లతోకలు నశించాయి. అందుకని మచ్చల జింకను తగ్గించాలని అక్కడి శాస్త్రజ్ఞులే అంటారు. మనుబోతులు పశువుల జ్వరం మోసే పిడుదులను కౌంటీలు (అక్కడి జిల్లాలు) దాటిస్తాయి కాబట్టి ప్రభుత్వమే కొట్టిస్తుంది. కంచె దాటి బయట తిరుగుతున్న మచ్చల జింకను ఒకే దెబ్బకు కొట్టి, గంటలోపు పొట్ట తీసి ఐసులో పెట్టి, ఇంటిల్లిపాదీ తిన్నవాడిని మేము తప్పుపట్టం. బ్రాయిలర్ కోడి బతుకు కంటే ఆ జింక బతుకు మేలు. గమనించండి, ఆ వాదన అచ్చంగా మాంసం గురించి. కొమ్ము అంగుళాలు కొలిచి రేటు కట్టే దొడ్డికి అది వర్తించదు.

ఇది మాంసం తిననివాళ్ల మాట అనుకోవద్దు. గీత గీసింది వేటగాళ్లే. 1887లో థియొడర్ రూజ్‌వెల్ట్ (తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు) పెట్టిన వేటగాళ్ల సంఘం బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు తప్పించుకోలేని కంచెలో చంపిన జంతువును తన రికార్డుల్లోకి ఎక్కించదు. మోంటానాలో 2000లో జనం ఓటు వేసి, దొడ్డి జంతువులను డబ్బు తీసుకుని కాల్పించడాన్ని నిషేధించారు. 2005లో ఒకాయన ఇంట్లో కంప్యూటర్ నొక్కితే టెక్సాస్ ర్యాంచ్‌లో తుపాకీ పేలే వెబ్‌సైటు పెడితే, టెక్సాస్‌తో పాటు చాలా రాష్ట్రాలు అలాంటి వేటను నిషేధించాయి. బోనులో పెంచిన సింహం, పులి, ఏనుగు వంటివాటిని చంపించడం టెక్సాస్ చట్టంలోనే నేరం. దక్షిణాఫ్రికాలో కంచెలో పెంచిన సింహాల వేటను ఆపాలని 2021లో ప్రభుత్వ నిపుణుల కమిటీ చెప్పింది, వేటగాళ్ల సంఘమే అయిన సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ కూడా అంతకుముందే దానికి దూరం జరిగింది. సింహానికి పనికిరాని పద్ధతి జింకకు ఎలా పనికొస్తుందో మాకు అర్థం కాదు.

వెళ్లాలనుకునే తెలుగువాళ్లకు ఒక హెచ్చరిక. ఎగ్జాటిక్ కదా, లైసెన్సు అక్కర్లేదని కొందరు గైడ్లు చెబుతారు. అది తప్పు, టెక్సాస్‌లో ఎగ్జాటిక్‌కు కూడా హంటింగ్ లైసెన్సు ఉండాలి. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ వీసాలవాళ్లు తుపాకీ చేతపట్టడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండడం దానికి ఒక మినహాయింపు. ఏడాది లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, కాబట్టి సెప్టెంబరు మొదటి వారాంతంలో పాత కాగితంతో వెళ్లేవాళ్లు తెలియకుండా ఇరుక్కుంటారు. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. కృష్ణజింక కొమ్ములు, తల ఇండియాకు తీసుకెళ్లే ఆలోచన అసలే పెట్టుకోవద్దు. ర్యాంచ్ ఇచ్చిన రసీదు మన విమానాశ్రయంలో పనికిరాదు, మొదటి షెడ్యూలు జంతువు భాగాలతో పట్టుబడితే బెయిలు కోసం తిరగాల్సి వస్తుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. ప్రవాస తెలుగువారి ఇలాంటి ఫొటోలు, వార్తలు మీ దగ్గరికి వస్తే వేయాలో వద్దో మీ ఇష్టం. వేసేటట్లయితే ఫొటో కింద ఒక వరుస చేర్చండి: కంచె ఎత్తు ఎంత, లోపల ఎన్ని ఎకరాలు, మేత డబ్బాకు ఎంత దూరంలో కొట్టారు, జంతువును ఆ నేలలోకి ఎప్పుడు తెచ్చారు. పంపినవాళ్లు ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేకపోతే, శీర్షికలో వేట అన్న మాట వాడకండి.

ఇట్లు,
వేట, పశువైద్యం తెలిసిన కొందరు తెలుగువాళ్లు,
శాన్ ఆంటోనియో, టెక్సాస్